ఆకుపసరు స్వరాజ్యము

'ప్రకృతి' యను నొక్క మాటను పైన నంటించినచో నెట్టి సరకైనను చెల్లిపోవు కాలమిది. ఆత్రేయపురమున పూతరేకులు చుట్టు తల్లులు చక్కెర పూతరేకులనియు బెల్లపు పూతరేకులనియు రెండు తెగలుగా నమ్ముదురు. అది రుచిభేదము, ఎవరి నాలుక వారిది. కాని మధుమేహముతో బాధపడు పెద్దమనుష్యులు అంగడిముందు నిలిచి "బెల్లము ప్రకృతిసిద్ధము గదా, మాకేమి దోషము?" అని వరుసగా నాలుగు చుట్టలు ఆరగించుట మేము చూచుచున్నాము. బెల్లములో నధికభాగము చక్కెరయే. గానుగనుండి వచ్చెనా, కర్మాగారమునుండి వచ్చెనా యని రక్తము విచారణ చేయదు. 2023లో భౌగోళిక గుర్తింపు పొంది ఊరికి పేరు తెచ్చిన యా తీపిపై మాకు కోపమెంతమాత్రమును లేదు. అది పండుగపూట తినదగినదే గాని పథ్యము గాదు.

సంగతి యీ చిన్న భ్రమతో నాగియుండినచో పత్రికలో నింత స్థలము వెచ్చింపబోము. అదే వీధిలో గోడమీద వేఱొక ప్రకటన యంటింపబడినది. బోదకాలు, వరిబీజము, పచ్చకామెర్లు, మధుమేహము, అన్నిటికి నొక్కటే చూర్ణము; నలువది దినములు చాలును; దుష్ఫలితములు లేవు; మన పూర్వుల విద్య; విదేశీ విషమాత్రలను మానుడు. అమ్మువాని పేరు వ్రాసి, వానికి మా వ్యయముతో మఱొక ప్రకటన ప్రసాదించుట మాకిష్టము గాదు. వర్తకుడు తన సరకును పొగడుకొనుట వింతయు గాదు. దేశాభిమానమును పొట్లముగట్టి మందుతోపాటు తూకమువేసి యమ్ముటయే మా కోపమునకు కారణము. అంతకంటె విచారకరమేమన, పఠనమందిరములలో దినపత్రికలు చదివి లోకవ్యవహారము లెఱిగిన విద్యావంతులే యా గోడముందు నిలిచి తలయూపుచున్నారు. ఆకు నూరుట స్వరాజ్యమట, మాత్ర మ్రింగుట దాస్యమట! ఖద్దరు కట్టి జైళ్లకేగినవారి మనుమలున్న మండలములలో నీ వాదము చెలామణియగుచుండగా మేము మౌనము వహింపజాలము.

మొదట నొక మాట స్పష్టముగా చెప్పవలెను. వంటింటి వైద్యముతో మాకు జగడము లేదు. జలుబునకు మిరియాల పాలు, గొంతునొప్పికి ఉప్పునీటి పుక్కిలింత, కడుపుబ్బరమునకు వాము, అజీర్తికి శొంఠి, ఒకపూట లంఖణము మన యిండ్లలో నిలిచియున్నవి, నిలువవలెను కూడ. ముక్కు కారినంతమాత్రమున మందుల దుకాణమునకు పరుగిడి, వైద్యుని చీటి లేకయే యాంటీబయాటికు మాత్రలు కొని మ్రింగు నేటి యలవాటుకంటె అమ్మమ్మ కషాయము వేయిరెట్లు మేలు. జలుబునకా మాత్రలు పనిచేయవు సరికదా, వానిని అస్థానమున వాడివాడి సూక్ష్మజీవులకు మొండితనము నేర్పుచున్నాము. ఈ యపరాధములో కొందఱు వైద్యులకును భాగము కలదని చెప్పుటకు మేము వెనుదీయము.

గంజి సంగతి చూడుడు. వాంతులు, విరేచనములు పట్టినవానికి ఉప్పువేసిన గంజి పోయుట మన పల్లెలలో నెవరును బడిలో నేర్చినది గాదు. 1971లో బంగ్లాదేశ యుద్ధకాలమున కాందిశీకులు లక్షలుగా వంగదేశమునకు వచ్చిపడి కలరాకు గుఱియైనప్పుడు, బొంగావ్ శిబిరమున దిలీప్ మహలనబీసు అను వైద్యుడు, నరములోనికెక్కించు ద్రవము నిండుకొనగా, ఉప్పు, సోడా, గ్లూకోజు కలిపిన నీటిని నోటనే త్రాగించి యనేకుల ప్రాణములు నిలిపెను. తరువాతి పరిశోధకులు గ్లూకోజునకు బదులుగా బియ్యపుపిండి కాచి పరీక్షింపగా కలరారోగులకది యింకను మేలుచేసినట్లు తేలినది. మన గంజికి లోకమందలి శాస్త్రజ్ఞులు నమస్కరించిరన్న మాట. సంతోషమే. కాని వారెట్లు నమస్కరించిరి? కొందఱికిది యిచ్చి, కొందఱికది యిచ్చి, ఎవరికెంత విరేచనము తగ్గెనో కొలిచి, లెక్కవ్రాసి, పోల్చి చూచి నమస్కరించిరి. పూర్వులు చెప్పిరన్నందున గాదు. సర్పగంధ వేరునకును అట్లే గౌరవము వచ్చినది. 1949లో బొంబాయి వైద్యుడు రుస్తుంజాల్ వకీలుగారు తన రోగుల రక్తపుపోటు లెక్కలతో వ్రాసిన వ్యాసము చదివి పాశ్చాత్యులా వేరును కన్నులకద్దుకొనిరి. పెరటి మొక్క పరీక్షకు నిలిచినచో దాని నెవరును కాదనరు. పరీక్షకే రాననుదానిని మాత్రమే మేము ప్రశ్నించుచున్నాము.

ఇక పరీక్షలేని కీర్తి యెట్లు వచ్చునో చెప్పుదుము. పచ్చకామెర్లకు పసరు పోయువారు లేని తాలూకా యాంధ్రదేశమున లేదు. కలుషితజలమువలన వచ్చు కామెర్లలో నధికభాగము విశ్రాంతితో కొన్ని వారములలో తమంత తామే శాంతించును. ఆ వారములలో పసరు పోసినవానికి ప్రఖ్యాతి దక్కును. తన కోడి కూయనిదే ఊరికి తెల్లవాఱదనుకొన్న ముసలమ్మ కథ యిదే. కాని పిత్తనాళమున రాయి యడ్డుపడి వచ్చిన కామెర్లును, కంతివలన వచ్చినవియు నా పసరునకు శాంతింపవు. పత్రము నూరువానికి రెంటికిని భేదము తెలియదు. కన్ను పచ్చబడినదా లేదా యన్నదే వాని శాస్త్రము. నేలయుసిరికను మదరాసు పరిశోధకులు హెపటైటిసు-బి వ్యాధికి వాడి చూచి 1988లో ప్రకటించిన ఫలితములు లోకమున గొప్ప యాశ పుట్టించెను. తరువాత వేఱువేఱు చోట్ల జరిగిన పరీక్షలలో నా ఫలితము నిలువలేదు. ఆ పరిశోధకులు నిందార్హులు కారు. వారు చేయవలసిన పని చేసిరి. ప్రశ్నను బహిరంగముగ వేసిరి, లోకము జవాబు వెదకెను. గోడమీది చూర్ణమువాడు ప్రశ్నయే వేయడు.

తమంత తాము పోవు జబ్బులలో నీ మోసము కొంత ధననష్టముతో తీఱిపోవును. తమంత తాము పోని జబ్బు మన గోదావరి గడ్డమీద నొకటి కాపురమున్నది. అదియే బోదకాలు. 1852 నాటికి కాటను దొర ధవళేశ్వరముకడ ఆనకట్ట ముగించి బొబ్బర్లంక, లొల్ల లాకులగుండా నీటిని మధ్యడెల్టాకు మళ్లించినది మొదలు ఆత్రేయపురము మొదలుకొని సముద్రతీరమువఱకు భూమి అన్నపూర్ణయైనది. కాలువ మనకన్నము పెట్టినది. ఇంటివెనుక మురుగునకు దారి చూపని మన యలసత్వము మాత్రము దోమకన్నము పెట్టినది. బోదపురుగును మోయు క్యూలెక్సు జాతి దోమకు పాఱునీటికంటె నిలిచి కుళ్లిన మురుగే యిష్టము.

ఈ జబ్బు పనిచేయు తీరు తెలియనంతకాలము మన వాదములన్నియు గాలిమాటలే. నూలుపోగువంటి పురుగులు మనుష్యుని శోషరసనాళములలో చేరి యేండ్లతరబడి కాపురముండును. వాని పిల్లలు కంటికి కానరానివై రాత్రివేళ రక్తములోనికి వచ్చి సంచరించును. దోమ యా రాత్రి కుట్టి, పీల్చి, కొన్ని దినములకు మఱొకనికి చేర్చును. రక్తపరీక్షకు వచ్చువారు రాత్రియే యేల వత్తురని విసుగుకొనువారికిదియే సమాధానము. పురుగు చిన్ననాడే ప్రవేశింపవచ్చును. కాలు వాచుట యే ముప్పదవయేటనో జరుగవచ్చును. ఈ నడుమ కాలమంతయు మనుష్యుడు బలిష్ఠుడై పొలము దున్నును, పెండ్లిచేసికొనును, ఊరంతటికిని పురుగును పంచుచుండును. పిమ్మట గజ్జలలో బిళ్లకట్టుట, చలిజ్వరము, వరిబీజము, కాలు లావెక్కుట. కాలు ఏనుగుకాలైన నాటికి నాళములు చెడి యుండును. తఱచుగా నప్పటికి రక్తములో పురుగుపిల్లలును కానరావు. ఆ కాలిమీద ఆకుముద్ద వేసిన నేమగును? లోని పురుగునకు తెలియదు. చెడిన నాళమునకు తెలియదు. పైచర్మము మాత్రము బొబ్బలెక్కును.

2004లో దేశమంతట బోదవ్యాధి నిర్మూలనకై ఏటికొకసారి డైఇథైల్‌కార్బమజీను మాత్రలను ఉచితముగ పంచు కార్యక్రమమారంభమైనది. ఉభయగోదావరులలో నది యనేక వత్సరములు నడచినది. మేమును సేవకులతో కూడి యిల్లిల్లు తిరిగినవారమే. మాత్ర చేతిలో పుచ్చుకొని, "భోజనమైన తరువాత వేసికొందుము లెండు" అని నవ్వి, మేము వీధిమలుపు తిరుగగానే చూరులో దోపిన యిండ్లెన్నియో! మఱునాడు పెంటలో నా పొట్లములు చూచితిమి. నిరక్షరాస్యులిట్లు చేసిరని యెవరును తలపకుడు. వారి తల్లులు, వారి కోడండ్రు మా యెదుటనే నీళ్లు త్రాగి మ్రింగిరి. తర్కము చేసినవారు చదువరులే. "మాకు కాలు వాపు లేదు గదా, మందెందుకు?" అని యొకరు, "ఇంగ్లీషు మందు వేడి" అని యొకరు, "ప్రభుత్వమూరక యిచ్చుచున్నదన్న నందేదో యున్నది" అని మఱియొకరు. ఊరక యిచ్చినదానిని శంకించు నీ మహాశయులే చూర్ణపు డబ్బాకు వేలు చెల్లించుటకు శంకింపరు.

కొబ్బరిచెట్లెక్కి జీవించు నొకడు మా యెఱుకలో నున్నాడు. పంపిణీ మాత్రలు రెండేండ్లు చూరులోనే యుండిపోయెను. కాలు లావెక్కనారంభించిన పిమ్మట ఆకుముద్దల వైద్యుని కడకు నడచెను. ముద్దవేసిన చర్మము పగిలి, పగుళ్లలో చీముపట్టి, నెలకొకసారి చలిజ్వరము వచ్చుచుండెను. అతడిప్పుడు చెట్టెక్కలేడు. వైద్యుడు వేఱొక యూరికి మకాము మార్చినాడు. ఇట్టి కాలు కలవాని యింటికి సంబంధము కలుపుకొనుటకు వెనుకాడు లోకమిది. వాని కుమార్తెకు రెండు సంబంధములు తప్పిపోయినవి. స్వరాజ్యమును ఆకుపసరులో వెదకు మిత్రులు ఈ లెక్క యే పద్దులో వ్రాయుదురో మాకు తెలియదు.

ఇప్పుడు 'విదేశీ విషమాత్ర' యనబడు దాని పుట్టుపూర్వోత్తరములు విచారింతము. పెరటిచెట్టు వైద్యమునకు పనికిరాదని మనవారికొక సామెత. ఆ సామెతకీ మాత్రకంటె గొప్ప యుదాహరణము దొరకదు. ఎల్లాప్రగడ సుబ్బారావుగారు 1895 జనవరి 12వ తేదీన భీమవరమున పుట్టిరి. రాజమహేంద్రవరమున చదివిరి. ఇద్దఱు సోదరులు గ్రహణివంటి స్ప్రూ వ్యాధితో కొద్దికాలములోనే మరణించిరి. ఆ వ్యాధియే తనకును సోకగా, పశ్చిమగోదావరిలోని మాధవరమున పుట్టిన ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేదచికిత్సవలన వారు బ్రతికిరని జీవితచరిత్రకారులు వ్రాసిరి. లక్ష్మీపతిగారు మదరాసులో పాశ్చాత్యవైద్యము చదివి పట్టము పొంది, పిమ్మట ఆయుర్వేదమును చేపట్టినవారు. ఆయన భార్య రుక్మిణీ లక్ష్మీపతిగారు ఉప్పుసత్యాగ్రహమున జైలుకేగి, 1946లో ప్రకాశముగారి మంత్రివర్గమున ప్రజారోగ్యశాఖ వహించిరి. ఇట్టివారి నీడలో పెరిగిన సుబ్బారావుగారికి స్వదేశాభిమానమనగా నేమో మనము నేర్పవలసినది లేదు. మదరాసు వైద్యకళాశాలలో శస్త్రచికిత్సా తరగతికి ఖద్దరు అంగీ తొడిగి వచ్చినందుకు దొర యాగ్రహించెను; ఫలితముగా పూర్తి పట్టమునకు మారు ఎల్.ఎం.ఎస్. మాత్రమే చేతికి వచ్చెను. అటుపిమ్మట వారు మదరాసు ఆయుర్వేద కళాశాలలోనే శరీరశాస్త్రము బోధించిరి. కాకినాడ మల్లాడి సత్యలింగనాయకరు ధర్మనిధి సాయముతోను, అనపర్తిలోని మామగారి ద్రవ్యముతోను 1923లో అమెరికాలోని బోస్టను చేరిరి.

ఆ పిమ్మటి కథ లోకవిదితము కావలసినది. మన పఠనమందిరములలో మాత్రము కాలేదు. దేహములోని భాస్వరమును కొలుచు మార్గమును 1925లో ఫిస్కె పండితునితో కలిసి ప్రకటించిరి. 1940లో లెడర్లీ సంస్థలో చేరి పరిశోధనకు నాయకత్వము వహించిరి. తన సోదరులను బలిగొన్న స్ప్రూ వ్యాధికి పనిచేయు ఫోలికామ్లమును వారి బృందము 1945 నాటికి ప్రయోగశాలలో తయారుచేసినది. 1947లో బోదపురుగు పిల్లలను రక్తమునుండి తుడిచివేయు డైఇథైల్‌కార్బమజీను, హెట్రజాను అను పేరుతో, ఆ బృందమునుండియే వెలువడినది. మఱుసటి యేడు ఆగస్టులో వారు కీర్తిశేషులైరి. ఆయుర్వేదముచేత బ్రతికి, ఆయుర్వేదము పాఠశాలలో బోధించి, ఖద్దరు తొడిగినందుకు దండన పొందిన గోదావరి బిడ్డ, గోదావరి ప్రజల కాలి జబ్బునకు కనిపెట్టించిన మాత్ర యిది. దీనిని విదేశీయమని పాఱవైచి, తొట్టిస్నానమును స్వదేశీయమని కౌగిలించుకొనుచున్నాము! తొట్టిస్నానము లైప్‌జిగు నగరమున లూయీ కూనే యను జర్మనీయుడు ప్రచారము చేసిన పద్ధతి. ఆయన గ్రంథమును 1894లోనే వెంకటచలపతిశర్మగారు తెలుగు చేసిరి. చేసినందుకు మేలే. జర్మను దేశమునుండి వచ్చినదను కారణమున స్నానము చెడ్డదికాదు. భీమవరమువాడు కనిపెట్టించెనను కారణమున మాత్ర మంచిదియు కాదు. రెంటిని ఒకే తక్కెడలో తూచుడనియే మా మనవి. ప్రస్తుతము తక్కెడ యే దేశపు పేరునైనను తూచుచున్నది గాని గుణమును తూచుట లేదు. ఇంకొక్క సంగతి చెప్పినచో చూర్ణమువాని 'విదేశీ' వాదము పూర్తిగా కూలును. 2013నుండి ప్రపంచారోగ్యసంస్థకు ఈసాయి యను జపాను సంస్థ యుచితముగ నిచ్చుచు వచ్చిన యీ మాత్రలు తయారైనది మన విశాఖపట్టణములోనే.

మాత్ర మ్రింగినవారికి జ్వరము వచ్చినదని యొక ప్రవాదము కలదు. నిజమే, కొందఱికి వచ్చును. తలనొప్పి, ఒడలునొప్పులు కూడ వచ్చును. అది సాధారణముగా రక్తములోని పురుగుపిల్లలు గుంపుగా చచ్చుటవలన కలుగు చిహ్నము. ఒకటి రెండు దినములలో తగ్గును. జ్వరము వచ్చినవాడు "నాకీ మందు పడలేద"నును. అసలు వానికే యది ముఖ్యముగ కావలసియుండెను. గర్భిణులకు, రెండేండ్లలోపు శిశువులకు, తీవ్రరోగపీడితులకు నీయరాదని నియమము కలదు, పరగడుపున వేసికొనరాదు. ఈ నియమములు చెప్పకుండ తొందరగా చేతిలో పెట్టి పోయిన సిబ్బంది యెచ్చటనైన నుండిన వారిని మందలింపవలసినదే. వారి నిర్లక్ష్యమే వదంతులకు పాలుపోసినది. పెద్ద పురుగు చాలయేండ్లు బ్రతుకునది కనుక ఏటేట ఊరివారిలో నధికసంఖ్యాకులు మ్రింగినగాని గొలుసు తెగదు. నేనొక్కడను మ్రింగకున్న నేమి యను చదువరి ఆ గొలుసునకు లంకె. మన ప్రక్కనున్న లంకాద్వీపము 2016లో నీ వ్యాధిని నిర్మూలించినట్లు ప్రపంచారోగ్యసంస్థ నిర్ణయించినది. చీనాదేశము వంటయుప్పులోనే యీ మందు కలిపి పంచి 2007లో నిర్మూలన సాధించినది. 1955లోనే బోదవ్యాధి నివారణపథకము పెట్టిన భారతదేశమో, గడువును పలుమాఱు జరుపుకొనుచు వచ్చి 2027ను లక్ష్యముగ పెట్టుకొన్నది.

మహాత్ముని పేరు చెప్పి మమ్ము నోరుమూయింపవలెనని కొందఱు చూతురు. గాంధీమహాత్ముడు మట్టిపట్టీలను, తొట్టిస్నానమును నమ్మినమాట వాస్తవము. 1946లో ఉరుళీకాంచనమున ప్రకృతిచికిత్సాలయము నెలకొల్పినదియు వాస్తవము. కాని 1924 జనవరిలో ఎరవాడ ఖైదీగా నున్నప్పుడు పేగు వాచి ప్రాణము మీదికి వచ్చినవేళ, పూనాలోని సాసూను ఆసుపత్రిలో కర్నలు మాడాకు అను ఆంగ్లవైద్యుని కత్తికి తన దేహమునొప్పగించినదియు నా మహాత్ముడే. తన పాతపలుకులకు బందీయై ప్రాణము పోగొట్టుకొనలేదు. అంతకంటె ముఖ్యమైన భేదమొకటి. ఆయన ప్రకృతిచికిత్సలో మితాహారము, స్నానము, నడక, వీధులూడ్చుట, పాకీదొడ్లు శుభ్రపఱచుట గలవు. చూర్ణపు డబ్బా యెచ్చటను లేదు. చీపురు పట్టుటకు రానివారు డబ్బా కొనుటకు మాత్రము గాంధేయులగుచున్నారు.

ఇక చట్టము మాట. మాకిది వృత్తి కనుక రెండు వాక్యములు చెప్పు స్వతంత్రము కలదు. 1954లో పార్లమెంటు ఆక్షేపణీయములైన ఔషధప్రకటనల చట్టమును చేసినది. దాని పట్టికలో 54 వ్యాధులు కలవు. వానిని నయముచేయుదుమని ప్రకటించుటయే నేరము. మధుమేహము, వరిబీజము రెండును పట్టికలోనివే. అనగా నా గోడమీది కాగితము తనంత తానే నేరారోపణపత్రము. మొదటితప్పునకు ఆఱునెలల వఱకు ఖైదుగాని జుల్మానాగాని రెండునుగాని విధింపవచ్చును. 2024లో ఆయుర్వేదవస్తువులమ్ము నొక మహాసంస్థ యధిపతులు ఇట్టి ప్రకటనల విషయమునుండి పుట్టిన ధిక్కారవ్యవహారములో సుప్రీముకోర్టునెదుట చేతులు జోడించి, పత్రికలలో క్షమాపణములచ్చువేయించుకొనవలసి వచ్చెను. పెద్దవానిని పట్టిన చట్టము వీధిగోడకు చేరదు. ఫిర్యాదు చేయువాడు లేడు గనుక. ఋజువడుగగానే మందెట్లు రూపు మార్చునో హైదరాబాదున బత్తినివారి చేపను చూచినచో తెలియును. ఏటేట మృగశిరకార్తెనాడు ఉబ్బసమునకు కొఱ్ఱమీను నోటిలో పచ్చిమందు పెట్టి మ్రింగించు నా యాచారము తరతరముల 'చేపమందు'. విజ్ఞానవాదులు గట్టిగ ప్రశ్నించిన పిమ్మట 'చేపప్రసాదము'. మందునకు ఋజువు కావలెను, ప్రసాదమునకు భక్తి చాలును. వారు ఊరకనే యిత్తురు, లాభార్జనదోషము మేమారోపింపము. మాట మార్చుటలోని చమత్కారమును మాత్రము న్యాయవాదులందఱు నేర్చుకొనదగును. 2021 మే నెలలో అంటువ్యాధి యుధృతముగా నున్నవేళ నెల్లూరుజిల్లా కృష్ణపట్నమున ఆకుమందుకై వేలాదిజనులొకరినొకరు త్రోసికొనుచు నిలిచిన దృశ్యము మఱచినవారుండరు. గుంపుగూడవద్దన్నదే యా వ్యాధికి మొదటి పథ్యము.

మఱి బోదకాలికి నిజమైన ప్రకృతివైద్యము లేదా? కలదు, దానిని ప్రకటించువాడు లేడు, ఏలయన దానిలో నమ్ముటకేమియు లేదు. వాచిన కాలిని ప్రతిదినము సబ్బుతోను మంచినీటితోను మెల్లగా కడిగి, వ్రేళ్లసందులు మెత్తని బట్టతో తడిలేకుండ తుడిచి, పుండ్లు పగుళ్లు వెంటనే చూచుకొని, కూర్చున్నప్పుడు కాలెత్తిపెట్టి, చెప్పులు లేక బయట అడుగిడకుండుట. ఇంతే. చలిజ్వరములు మాటిమాటికి వచ్చుటకు కారణము చర్మపు పగుళ్లద్వారా ప్రవేశించు సూక్ష్మజీవులు గనుక, ఈ కాలిసేవ చేసికొన్నవారికి జ్వరములు తగ్గి కాలు మఱింత చెడకుండ నిలుచును. కేరళములో కాసరగోడున చర్మవైద్యులు ఆయుర్వేదమును, యోగాసనములను, కట్టుకట్టు నేటి పద్ధతిని, సూక్ష్మజీవులపై మందులను కలిపి బోదకాళ్లకు సేవచేయుచు తమ ఫలితములను వైద్యపత్రికలలో ప్రకటించుచున్నారు. పూర్వుల విద్యమీద గౌరవమనగా నట్టిది. వరిబీజమునకు శస్త్రచికిత్సయే శరణ్యము; చూర్ణముతో నీరు దిగదు.

ఆత్రేయపురము మొదలైన యూళ్ల పఠనమందిరాధికారులకు మా సూచనలు కొన్ని గలవు. మందిరపు గోడమీదను, దాని వీధిలోను ఇట్టి ప్రకటనలుండనీయకుడు. కాగితమును చింపుటకుముందు దాని చిత్రము తీసి, తేదీ వేసి, ఇద్దఱు సాక్షులచేత సంతకము చేయించి ఔషధతనిఖీ యధికారికి పంపుడు. ఫిర్యాదు వ్రాయుట రానివారికి మేము ప్రతిఫలము లేక వ్రాసియిత్తుము. మందిరము వెనుకనున్న మురుగుగుంటను మొదట పూడ్పించి, పిమ్మట నితరుల గుంటలను గూర్చి తీర్మానములు చేయుడు. బోదకాలుతో నిల్లు కదలనివారు ప్రతి యూర నెవరో యుండిరి. ఆశాకార్యకర్తను వెంటగొని పోయి కాలుకడుగు విధము వారికి చూపుడు. జాతీయ వ్యాధినియంత్రణకేంద్రపు శాఖ రాజమహేంద్రవరముననే కలదు. అచ్చటి వైద్యుని నొకనాటి సాయంకాలము పిలిపించి యుపన్యాసమిప్పింపుడు. సుబ్బారావుగారి పటమును, వారి జననమరణ సంవత్సరములతో, జాతీయనాయకుల పటముల ప్రక్కన వ్రేలగట్టుడు. రాత్రి ఎనిమిదిగంటలు దాటిన పిమ్మట రక్తపరీక్షకు సిబ్బంది యూరికి వచ్చినప్పుడు వారిని వీధిలో నిలువబెట్టక మందిరములోనికే పిలిచి, దీపము వెలిగించి, బల్ల వేసి, సభ్యుల పట్టికలోని మొదటి పేరుగల పెద్దమనిషినే ముందుగా కూర్చుండబెట్టుడు.